రెండు దగ్గుల పిలుపు

ఒక ఉదయం మా ఊరిపెద్ద తాక్ బోంగ్‌సిక్ గారు వెల్లుల్లి విత్తనాల గురించి మైకులో చెప్పి, మీట కట్టేయడం మరచిపోయి అన్నానికి కూర్చున్నారు. తరవాత ఇరవై నిమిషాలపాటు ఆయన సోయా పులుసు జుర్రుకోవడం, ముల్లంగి కిమ్చి పచ్చడి పులిసిపోయిందని భార్య మీద విసుక్కోవడం, మహిళా సంఘం అధ్యక్షురాలిది బాతు నడక అనడం ఊళ్ళోని అరవై రెండు ఇళ్ళూ శ్రద్ధగా విన్నాయి. అధ్యక్షురాలూ విన్నది.

మా ఊరు సోల్మోలో ప్రతి ఇంటి గోడకూ ఒక స్పీకరు డబ్బా ఉంటుంది. ఊరిపెద్ద తన ఇంట్లో మాట్లాడితే అందులో వినబడుతుంది. పందొమ్మిదేళ్ళుగా అదే తంతు: మైకులోకి ‘ఫూ’ అని ఊదడం, రెండు దగ్గులు, “వినబడుతోందా?” అనే ప్రశ్న. వినబడనివాళ్ళు జవాబెలా చెబుతారో ఆయనకే తెలియాలి. ఆపైన “ముద్రలు తీసుకుని రండి” అంటే, సంతకానికి బదులు వాడే మా పేరు ముద్రలు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఎరువులకీ, పింఛనుకీ, రోడ్డుకీ అలాగే వేశాం.

వెల్లుల్లి తవ్వే రోజుల్లో ఒక పొద్దున డబ్బా పలికింది. ఫూ. రెండు దగ్గులు. “వినబడుతోందా? సియోల్ నుంచి పెద్ద డాక్టర్లొచ్చారు. మోకాళ్ళకి ఉచితంగా మందు. పదింటికి పాత బడి దగ్గరికి ముద్రలతో రండి. ఆలస్యమైతే నన్ననొద్దు.”

ఆ విసుగు కూడా అచ్చం ఆయనదే. ఎవరో ఆయన గొంతును యంత్రంతో అనుకరించి మా డబ్బాల్లోకి చొరబడ్డారని ఎవరికి తడుతుంది? ఆ దగ్గు వినగానే మా చేతులు ముద్రల సంచి వెతుక్కునేవి.

తెల్లకోట్లవాళ్ళు మోకాళ్ళకి పట్టీలు వేసి, ఒక కాగితం ముందుకు తోశారు. నేను రెండుసార్లు ముద్ర వేశాను. మొదటిది సరిగ్గా పడలేదు మరి.

అసలు బోంగ్‌సిక్ గారు ఆ వేళ పట్నంలో పళ్ళు పీకించుకుంటున్నారు. మధ్యాహ్నం బస్సు దిగి, మా వరస చూసి, నోటినిండా దూదితో ఏదో అరుస్తూ చేతులు ఊపారు. తోసుకోవద్దంటున్నారనుకుని ఇంకా బుద్ధిగా నిలబడ్డాం.

ఆ కాగితం మోకాళ్ళది కాదు. ఊరి వెనక లోయలో ఫ్యాక్టరీల చెత్త పూడ్చుకోవడానికి మా అంగీకారం. మేం తాగే ఊటనీళ్ళు ఆ లోయలోంచే వస్తాయి.

“పిలుపు దొంగదే కావచ్చు పెద్దాయనా, ముద్రలు అసలువే కదా?” అన్నాడు జిల్లా కార్యాలయం గుమాస్తా, పరుగున వెళ్ళిన బోంగ్‌సిక్ గారితో. “పది రోజుల్లో సగానికి పైగా ఇళ్ళవాళ్ళు మళ్ళీ ముద్ర వేసి వెనక్కి తీసుకుంటే రద్దవుతుంది.”

అంటే ముప్ఫై రెండు ఇళ్ళు. ఆ సాయంత్రమే డబ్బా పలికింది. ఫూ. రెండు దగ్గులు. “ముద్రలు తీసుకుని రండి!”

“మళ్ళీ మొదలెట్టాడు దొంగ వెధవ!” అంటూ మా పక్కింటి ఓక్‌బున్ అవ్వ డబ్బా తీగ పీకేసింది. “ఒకసారంటే పోయాం, ఇంక పడతామా?”

మేమైతే డబ్బాకి దిండు అడ్డం పెట్టాం. మోసపోయినవాళ్ళకి తెలివి వచ్చిందని చూపించుకునే ఆత్రం అంతా ఇంతా కాదు.

మర్నాటి నుంచి బోంగ్‌సిక్ గారే ఇంటింటికీ నడిచారు. కట్టుడు పళ్ళు ఇంకా రాలేదు, మాట జారిపోతోంది.

“మైకులో గొంతు ఇంతకంటే స్పష్టంగా ఉందే!” అన్నాడు చేపల హ్యోన్‌తే. “మీలో ఎవరు అసలో తేల్చుకుని రా బాబాయ్, అప్పుడేస్తా ముద్ర.”

పాపం, ఆయన గుమ్మంలో నిలబడి రెండుసార్లు దగ్గి చూపించారు కూడా. హ్యోన్‌తే తలుపు వేసుకున్నాడు.

పదోరోజు పొద్దుగూకేసరికి ఇరవై తొమ్మిది ఇళ్ళు వచ్చాయి. నేను ఇరవై తొమ్మిదో ఇంటిని. ఓక్‌బున్ అవ్వ రాలేదు.

మళ్ళీ వెల్లుల్లి నాటే వేళకి లోయలోకి లారీలు దిగడం మొదలైంది. చలికాలం పోయేసరికి కొళాయి నీళ్ళ మీద నూనెలాంటి తెట్టు కనిపించింది. ఓక్‌బున్ అవ్వ ఆ నీళ్ళు గిన్నెలో పట్టుకుని ఊరిపెద్ద వాకిట్లోకి వచ్చింది.

“పందొమ్మిదేళ్ళు మా చెవుల్లో అరిచావే, కాగితం చదివి ముద్ర వెయ్యండని ఒక్కరోజన్నా చెప్పావా?”

బోంగ్‌సిక్ గారు గిన్నె అందుకుని అరుగు మీద పెట్టారు.

“చెబితే, నా కాగితాల మీద ఎవరు ముద్రేసేవాళ్ళు అక్కా?”