తాళం తీసినా వెలిగిన దీపం

డెబ్బైల మొదట్లో తెనాలిలో ఒక డాక్టరమ్మ గారి కారు నడిపేవాణ్ణి. చదివింది ఐదో తరగతే గాని, లెక్కలంటే ఇష్టం. కారు ఏ రోజు ఎన్ని మైళ్లు తిరిగిందో జేబు పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

ఒకరోజు ఆవిడ తల్లిగారు కారులో వచ్చారు. స్టీరింగు పక్కన దేవుడి పటం, దాని ముందు చిన్న ఎర్ర బల్బు ఉండేవి. ఇంటి ముందు ఆపి తాళం తీయగానే బల్బు ఆరింది.

“అదేంటి నాయనా, దేవుడి దీపం ఆర్పేశావు?”

“తాళం తీస్తే ఆరిపోద్దండి.”

“ఆరకుండా చూడు.”

పెద్దావిడ మాట. ఆ సాయంత్రమే బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగి బల్బుకి కట్టాను.

డాక్టరమ్మ గారు అప్పుడప్పుడు రైల్లో బాపట్ల అక్కగారింటికి వెళ్లి మూడు రోజులుండి వచ్చేవారు. అలా వచ్చిన మర్నాడు కారు కదల్లేదు. దీపం కూడా ఆరిపోయి ఉంది. బ్యాటరీ పోతే దీపం ఆరదా అనుకున్నాను గాని, దీపం వల్లే బ్యాటరీ పోయిందని తోచలేదు. చార్జి చేయించి ఊరుకున్నాను.

రెండోసారి ఆవిడ బాపట్ల నుంచి వచ్చిన రాత్రే, రేపల్లె నుంచి కాన్పు కేసని ఫోను వచ్చాక కారు మొరాయించింది. రిక్షావాళ్లు నలుగురు తోస్తే గాని ఇంజను అందుకోలేదు. ఇరవై నిమిషాలు పోయాయి. అదృష్టం, తల్లీబిడ్డా క్షేమం. తిరుగు దారిలో ఆవిడ, “ఇంకోసారి ఇలా అయితే వేరే డ్రైవర్ని చూసుకోవాలయ్యా” అన్నారు. కోపంగా అన్నా బాగుండేది.

బ్యాటరీలు చార్జి చేసే పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన తాళం నా జేబులో పెట్టించి, బ్యాటరీ తీగ ఊడదీసి మళ్లీ ఆనించాడు. చిన్న నిప్పురవ్వ.

“తాళం నీ జేబులో ఉంది. మరి కరెంటు తాగేదెవడ్రా అబ్బాయ్?”

తీగ వెంట వెళ్లి బల్బు దగ్గర ఆగాడు. “ఫ్యూజు కూడా లేదా! కారు తగలబడితే ఇంకా పెద్ద దీపం అయ్యేది” అన్నాడు.

తర్వాత నా పుస్తకం తీసుకుని అందులోనే లెక్క నేర్పాడు. ఐదు వాట్ల బల్బు. పన్నెండు వోల్టులతో భాగిస్తే అర ఆంపియరు కంటే కొంచెం తక్కువ. రోజుకి ఇరవై నాలుగు గంటలు, అంటే పది ఆంపియరు-గంటలు. బ్యాటరీ మీద అరవై అని ఉన్నా, పాతది గనక ముప్ఫై అనుకోమన్నాడు. పదేసి చొప్పున మూడు రోజులు. కారు ఊరికే ఉన్న రోజులు నా పుస్తకంలో చూశాను. రెండుసార్లూ మూడే.

ఆ లెక్క పట్టుకుని ఇంటికెళ్లి, తప్పు నాదేనని డాక్టరమ్మ గారితో చెప్పాను. పెద్దావిడ పేరు ఎత్తలేదు. ఆవిడే లోపలి నుంచి వచ్చారు.

“నేనే చెప్పానే, వాణ్ణేం అనకు. అయినా గుళ్లో పవళింపు సేవ చేసి తలుపులు వెయ్యరా? కారు పడుకుంటే స్వామినీ పడుకోనీ నాయనా!”

డాక్టరమ్మ గారు నవ్వేశారు. మర్నాడే తాళం తిప్పితేనే కరెంటొచ్చే తీగకి, మధ్యలో ఫ్యూజు పెట్టి, బల్బు కలిపాను.

తర్వాత డాక్టరమ్మ గారు బాపట్ల వెళ్లి నాలుగు రోజులుండి వచ్చారు. మర్నాడు పొద్దున్నే తాళం తిప్పాను. ముందు దీపం వెలిగింది, వెంటనే ఇంజను అందుకుంది. ఆ ఇంట్లో ఇంకా తొమ్మిదేళ్లు పనిచేశాను. పెద్దాయన అంకెలు వేసిన ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది.