నెల పట్టిన గౌను

మా పక్కింటి అత్త పోయిందని పొద్దున్నే ఆవిడ కోడలు ఫోన్ చేసింది. లిలువా నుంచి నేను పుట్టి పెరిగిన మెటియాబ్రుజ్‌కి రెండు బస్సులు మారి వెళ్ళాను. ఈ మధ్య దేనికీ ఓపిక ఉండడం లేదు. ఏడుపు కూడా బస్సు దిగాకే వచ్చింది.

మా పాడాలో, అంటే మా పేటలో, తెలుగు, బెంగాలీ, ఉర్దూ పిల్లలందరికీ అత్తే బట్టలు కుట్టేది. పెరిగే పిల్ల కదా, వదులుగా కుట్టమని తల్లులు అడిగితే ఒప్పుకునేది కాదు. "వచ్చే యేటి పిల్లకి ఇప్పుడే కుట్టమంటే ఎలాగమ్మా? ఈ పిల్ల ఈ యేడు ఏటి తొడుక్కుంటాది?" అనేది. మిగిలిన గుడ్డ అంచుల్లో మడిచిపెట్టి, ఏడాదికోసారి కుట్లు విప్పి పెద్దది చేసి ఇచ్చేది.

ఆవిడకో పట్టింపు ఉండేది. అన్నం తిన్నాకే పిల్ల నడుం కొలవాలి. "కాళీ కడుపు కొలత నమ్మకూడదే, తినీసి రా" అని వెనక్కి పంపేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పనిచేసే జ్యూట్ మిల్లుకు తాళం పడింది. నెలలు గడిచినా తెరవలేదు. దసరా పూజలకి గౌను కుట్టించమని అమ్మ తన పాత చీర ఇచ్చి పంపింది. తిన్నానని చెప్పమంది. చెప్పాను. అత్త నా నడుం చుట్టూ టేపు తిప్పి, కిందటేడాది కొలత రాసిన చీటీ చూసి, మళ్ళీ తిప్పింది. నడుం తగ్గింది. తొడిగి చూడాలి, రేపు మధ్యాహ్నం రమ్మంది.

మర్నాడు చంక పట్టేసిందంది. ఆ మర్నాడు భుజం జారిందంది. "తిన్నాక మళ్ళీ సూద్దాం. ఇంటికెళ్ళి రావడమెందుకు, ఇక్కడే తినీయ్" అని కంచం పెట్టేది. పప్పు ఒకరోజు, చేపల పులుసు ఒకరోజు. నెల దాటింది. గౌను రాలేదని నాకు ఒళ్ళుమండి, అత్తకి కుట్టడం రాదని పాడా అంతా చాటాను. అది ఆవిడ చెవిన పడింది.

"అవునే, నీ గౌను నాకు కొరుకుడు పడ్డం లేదు. రేపు కూడా రా" అంది.

మిల్లు తెరిచిన వారానికి గౌను నాకు అతికినట్టు సరిపోయింది.

పెద్దయ్యాక అర్థమైంది. అప్పుడైనా ఆవిడ దగ్గర కూర్చుని ఆ మాట ఎత్తాల్సింది. ఈసారి వెళ్ళినప్పుడు, ఈసారి వెళ్ళినప్పుడు అనుకుంటూ ఇరవయ్యేళ్ళు గడిపేశాను. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆవిడకు స్నానం చేయించాక కోడలు కొత్త జాకెట్టు తీసింది. జబ్బుతో అత్త చిక్కి సగమైంది. అది ఆవిడ ఒంటి మీద నిలవలేదు.

"పోన్లే వదినా, చీర కప్పేస్తాం కదా, ఎవులు సూస్తారు?" అంది కోడలు.

సూదీ దారం అడిగి తీసుకుని అత్త పక్కన నేల మీద కూర్చున్నాను. బయట మగవాళ్ళు ఆలస్యమవుతోందని తొందరపెడుతున్నారు. ఒక పక్క కుదిరింది. రెండో పక్క చంక కింద ఇంకా వదులుగానే ఉంది. విప్పి మళ్ళీ కుట్టాను.