దొంగబోరు స్టేజీ

యాదమ్మ బోరు ఎవరి నీళ్లూ దొంగిలించలేదని ఆరేళ్ల కిందటే నాకు తెలుసు. చెప్పలేదు. నీళ్లు పరీక్షించడమే మా పని, ఊరి తగాదాలతో మాకేమిటని ఊరుకున్నాను. ఈసారి ఎండలు ముదరకముందే బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు మహబూబ్‌నగర్‌లో దేవరకొండ బస్సు దొరికింది. కల్వకుర్తిలో ఇడ్లీ తినేంతసేపు ఆపారు. మళ్లీ ఎక్కాక పక్క సీటు పెద్దాయన ఎక్కడికని అడిగాడు. ఊరి పేరు చెప్పాను.

"అయితే దొంగబోరు కాడ దిగాలె సారూ. ఒకామె బోరేసి తోడికోడలి బాయి ఎండవెట్టిందట. గప్పటిసంది స్టేజీకి గదే పేరు."

నేను కిటికీ వైపు తిరిగాను. దిగేటప్పుడు కండక్టరు కూడా ఆ పేరే అరిచాడు.

యాదమ్మ బత్తాయి చెట్లకు పాదులు చేస్తోంది. చూడగానే నవ్వింది. "సీసల గాలిబుగ్గ ఉండొద్దని నా బకెట్ల ముంచి మూతవెట్టి నీళ్లు వట్కపోయిన సారువు గాదూ?"

వచ్చిన సంగతి చెప్పాను. ఆమె పార కింద పెట్టింది. "నాకెందుకు, గామెకు చెప్పు. మేం మాట్లాడుకోక ఆరేండ్లాయె."

గెట్టు దాటి, పక్క పొలంలో ఉన్న ఆ తోడికోడలు సత్తెమ్మ దగ్గరికి వెళ్లి విడమరిచి చెప్పాను. ఊరి చెరువు నీళ్లు ఎండకు నిలిచినప్పుడు అందులోని తేలిక అణువులు ముందు ఆవిరవుతాయి, బరువైనవి మిగులుతాయి. ఆ గుర్తు అప్పట్లో పట్టిన సత్తెమ్మ బావి అడుగు నీటిలో ఉంది, యాదమ్మ బోరు నీటిలో లేదు. బావికి ఊట చెరువుది. బోరులోది నేరుగా ఇంకిన వాన. చెరువు ఎండింది కాబట్టే బావి ఎండింది.

"మరిగిన కొద్దీ చారు ఉప్పగైతది, గట్లనా?" అంది సత్తెమ్మ.

"గట్లనే."

"గా పేరు వెట్టింది నేనే సారూ," అంది. తర్వాత గెట్టు మీదికెక్కి కేకేసింది: "ఏమే యాదీ, సారుకు బువ్వన్న పెట్టేదుందా లేదా?"

యాదమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "నువ్వొస్తే పెడత అక్కా."

ముగ్గురం జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాం. సాయంత్రం బస్సుకు ఇద్దరూ నా వెంట వచ్చారు.

"దొంగబోరు, దొంగబోరు!" అరిచాడు కండక్టరు.

"నీ నోట్ల మన్నువడ! యాదమ్మ బోరు అనుర్రి!" అంది సత్తెమ్మ. బస్సంతా నవ్వింది.

ఆ దారిన వెళితే మీరూ టికెట్టు యాదమ్మ బోరుకనే అడగండి.

ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి ఆగాను. పొద్దుటినుంచీ అన్నీ చెప్పాను, అదొక్కటి తప్ప.

"తెలిసిన్నాడే వచ్చి చెప్పాల్సుండె యాదమ్మా. చెప్పలే. తప్పు నాది. మాఫ్ చెయ్యి."