దొంగతనమని రాయించిన సారు

మొన్న పొద్దున దుకాణం తాళం తీస్తుంటే లాలాపేట్ నుంచి వచ్చే పాలాయన చెప్పాడు. "లా సారు పోయిండు. రాత్రి నిద్రలనే." మళ్లీ తాళం వేసి ఆయన ఇంటికి నడిచాను.

యూనివర్సిటీలో ఆయన పన్నుల చట్టం చెప్పేవారు. అనంతపురం వైపు మనిషి, తార్నాకలో మా వెనక వీధిలో ఉండేవారు. నా కాగితాల, కలాల దుకాణంలో పాళీ కొనేటప్పుడు అరచేతి మీద గీసి చూసుకునేవారు. కాగితమిస్తే, "దండగెందుకప్పా" అనేవారు.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దమనిషి కాగితం వ్యాపారంలో వాటాలిస్తానని మా ఇద్దరి దగ్గరా, ఇంకా చాలామంది దగ్గరా డబ్బు తీసుకొని మాయమయ్యాడు. నేను పెట్టింది దుకాణానికి చవకగా సరుకు వస్తుందని. మోసపోయానని రాసుకోవడం నామోషీ అనిపించి, ఆ సొమ్మును దానమిచ్చినట్టు ధర్మఖాతాలో రాసేశాను. మా దుకాణదారుల్లో అదొక అలవాటు. ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు ఆ దానాన్ని ఒప్పుకోలేదు. పోయిన సొమ్ము మీద కూడా పన్ను కట్టమంది. కడితే దుకాణం మూసుకోవలసిందే.

సారు నా ఖాతా చూశారు. "దానం చేసినావా, వాడు దోచుకుపోయినాడా?"

"దోచుకునే పోయిండు, సార్."

"మరి అట్లే రాయి. వ్యాపారంలో దొంగతనానికి పోయింది నష్టమే. నీ ధర్మానికి రసీదు స్వర్గంలో ఇస్తారు, ఈ ఆఫీసులో చెల్లదు."

దానికి పోలీసు ఫిర్యాదు కావాలి. పరువు పోతుందని తక్కినవాళ్లెవరూ కలిసి రాలేదు. నేనూ వెనకాడాను. "నేనొస్తా, పదప్పా" అన్నారు సారు. స్టేషన్‌లో జమాదారు తలెత్తి చూశాడు.

"లా చెప్పే సారు గూడ మునిగిండ్రా?"

"మునిగినానప్పా. నా పేరే ముందు రాసుకో."

ఆ ఫిర్యాదు చూశాక ఆఫీసు నా నష్టాన్ని ఒప్పుకుంది. దుకాణం నిలిచింది. ఆ మాట చెప్పడానికి వెళ్లి, "మరి మీది, సార్?" అని అడిగాను.

"నాది జీతంలో మిగిల్చి, లాభమొస్తుందని పెట్టింది. వ్యాపారం కాదు కదా. నాకు పన్నేమీ తగ్గదు."

ఆ సంగతి స్టేషన్ మెట్లెక్కే ముందే ఆయనకు తెలుసు.

ఆ మరుసటి ఏడు సుద్దముక్కల పెట్టె ఇవ్వడానికి ఆయన క్లాసు గుమ్మం దాకా వెళ్లాను. ఒకే మోసగాడి చేతిలో ఇద్దరు నష్టపోయారు, ఒకరికి పన్ను తగ్గింది, రెండో ఆయనకు తగ్గలేదు, ఎందుకని సారు పిల్లల్ని అడుగుతున్నారు. వెనక బెంచీలో ఒకతను, "రెండో ఆయన గంత ఎడ్డోడేంది సార్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వారు.

"ఆశపడినాడప్పా, అంతే" అని బోర్డు వైపు తిరిగారు. సుద్దపొడి కోటు చేతి మీద రాలుతుంటే, దులుపుకోకుండా రాస్తూనే ఉన్నారు.