చేతులు వెనక్కి కట్టుకున్న మనిషి

మొన్న ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టరుగారి గదిలో ఫోన్ మోగింది. మా పక్క క్వార్టర్లో కొడుకు దగ్గర ఉండే మావయ్య పోయారని కబురు. నేను వెనక గోడ వైపు చూశాను. ఆయన ఎప్పుడూ నిలబడే చోటు ఖాళీగా ఉంది.

ఉక్కునగరంలో చాలామందికి ఆయన తెలుసు. తెలియనివారి కోసం చెబుతున్నాను. క్రేన్ కింద నిలబడి, పైనున్న డ్రైవరుకు చేతులతో సైగలు చేయడం ఆయన ఉద్యోగం. రిటైరైనా ఆ నిలబడటం పోలేదు. మా చర్చి యువకులం ఎక్కడ శ్రమదానానికి వెళ్లినా వచ్చేవారు. పార మాత్రం పట్టేవారు కాదు.

ఒకసారి పద్మనాభం వైపు ఒక ఊళ్లో తాగునీటి పైపు కోసం లోతుగా కాలువ తవ్వడానికి వెళ్లాం. బస్సు దిగగానే అడిగారు: "తవ్వుతంటే పైనుంచి సూసీది ఎవలు?"

"అందరం చూసుకుంటాం మావయ్యా" అన్నాను.

"అందరం వద్దు. ఒక పేరు సెప్పు."

ఎవరూ ముందుకు రాలేదు. శ్రమదానానికి వచ్చి ఊరికే నిలబడితే ఊరివాళ్లేమనుకుంటారు? చివరికి ఆయనే చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. నీళ్లు తెచ్చిన ముసలమ్మ నవ్వింది.

"పిల్లలు సెమటోడుత్తంటే ఈ బాబేటి, పెళ్లికొచ్చినట్టు నిలబడ్డాడు?"

"పనిదొంగనమ్మా, నాకలవాటే."

మధ్యాహ్నం ఉన్నట్టుండి "బయటికి రండ్రా!" అని అరిచారు. ఎక్కేశాం. కాలువ పక్కల మట్టి విరిగి పడలేదు. మళ్లీ దిగాక ఇంకోసారి అరిచారు. అప్పుడూ పడలేదు.

"మట్టి నీ మాట ఇంతన్లేదు మావయ్యా!" అన్నాడొకడు. అందరం నవ్వాం.

"పడకపోతే నాను పిచ్చోణ్ని. పడితే ఎవలురా?" అన్నారాయన.

తిరుగు బస్సులో, శ్రమదానం మీద నేను రాసిన వ్యాసం ఆయనకు చదివి వినిపించాను. కొత్తగా నేర్చిన మాటలన్నీ అందులో కూరేశాను. ఆయన కిటికీలోంచి చూస్తూ తమ్ముడి సంగతి చెప్పారు. వాళ్ల ఊళ్లో అందరూ కలిసి ప్రార్థన మందిరం కట్టుకుంటుంటే, పరంజా విరిగి తమ్ముడు పడి చనిపోయాడట.

"పోలీసొచ్చి, ఇక్కడ పని సూసీది ఎవలన్నాడు. ఒకల మొకం ఒకలు సూసుకున్నాం. ఎవలూ నోరిప్పలేదు. ఆడు పడ్డ సప్పుడు మర్సిపోనాను గానీ బాబూ, ఆ ఊరుకోడం ఇంకా ఇనిపిత్తంది."

నా కాగితం మీద వేలు పెట్టారు. "సెమట దానం సెయ్యి. పేనం దానం సెయ్యమని ఎవలడిగినారు?"

సోమవారం సమాధుల తోటలో, వానకు నానిన గుంట అంచున జనం తోసుకుంటూ పెట్టె దించే తాళ్లు పట్టుకున్నారు. ఆయన కోసం చేయగల ఆఖరి పని. నేనూ తాడు అందుకోబోయాను. కానీ అందరి చేతుల్లోనూ తాళ్లే ఉన్నాయి. అంచుకేసి చూసేవారు లేరు. వెనక్కి తగ్గాను.

"ఏటి బాబూ, మావయ్యకి ఓ సెయ్యి ఎయ్యవా?" అన్నారెవరో.

చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్ల పాదాల కింది మట్టినే చూస్తూ నిలబడ్డాను. పెట్టె గుంటలోకి దిగుతుండగా అంచు నుంచి ఒక బెడ్డ జారి మూత మీద చప్పుడు చేసింది.

"ఒక్కడుగు వెనక్కి వెయ్యండి!" అని అరిచాను.

పాదాలన్నీ వెనక్కి జరిగాయి. పెట్టె తాళ్ల మీద కాస్త ఊగి ఆగింది, సైగ కోసం చూస్తున్నట్టు.