ఆటో ముందటి జాగ

నేను టేకుమట్ల బడిలో పంతులుగా ఉన్నప్పుడు భూపాలపల్లి నుంచి రోజూ ఒకే ఆటో ఎక్కేవాణ్ణి. ఆ డ్రైవర్ ముందు బండికి రెండు కరెంటు స్తంభాల దూరం వదిలేవాడు.

"ముందటోని బ్రేకు ఎర్రలైటును నమ్మద్దు సార్" అనేవాడు.

ఆ ఖాళీలోకి వేరే ఆటోలు దూరి దారిలోని గిరాకీని ఎత్తుకుపోయేవి. వాళ్లతో ఈయనకేదో లాలూచీ ఉందని నా అనుమానం.

ఒకరోజు ముందు పోతున్న పత్తి ట్రాక్టర్ ఎర్రలైటు వెలగకుండానే ఆగింది. అప్పుడే మా ముందు దూరిన ఆటో దాని కిందికి పోయింది. మాది ఆగింది. దెబ్బలు తగిలినవాళ్లను దవాఖానకు పంపాక మా డ్రైవర్ రోడ్డు మీదే కూలబడ్డాడు.

"గా జాగ నేనే ఇడిసిన గద సార్!"

అప్పుడు కూడా నేను ఆయన ముఖంలో లాలూచీ కోసమే వెతికాను.