కిర్రుమనే నాలుగో చెక్క

నడవలోని పాత చెక్కనేల ఊడబెరుకుతుంటే ఇర్యా నాలుగో చెక్క వైపే చూస్తూ నిలబడింది.

ఆ నేలలో నాలుగో చెక్క వీధితలుపు పక్కనే ఉండేది. కాలు పడితే చాలు, ఇల్లంతా వినబడేలా కిర్రుమనేది. మతి తప్పిన ముసలి మొగుడు తౌనో “ఇంటికెళ్లాలి” అంటూ సొంతింట్లోంచే బయటికి జారుకోబోయినప్పుడల్లా, రెండేళ్లుగా ఆమెని లేపింది ఆ చెక్కే. వాకిలి దాటితే మంచు, మంచు దాటితే సరస్సు. కూతురికి ఇవేం పట్టవు. చెక్క పుచ్చింది, నాన్న తట్టుకుని పడతాడు, కింద కరెంటు తీగలు పరిచి వెచ్చటి టైల్సు వేయించాల్సిందేనంది. పట్నంలో కూర్చుని ఫోన్లో పెత్తనం చేయడానికేం, ఎంతైనా చేయొచ్చు.

“ఆ ఒక్క చెక్కా మళ్లీ పెట్టెయ్యి నాయనా,” అని టైల్సు వేసే యర్మోని బతిమాలింది.

“టైల్సు మధ్య చెక్కేంటి పెద్దమ్మా? రేపు నన్నెవడైనా పనికి పిలుస్తాడా? తలుపుకి గంట కట్టుకో.”

“కట్టాను. పీకి జేబులో వేసుకున్నాడు. తాళం వేస్తే కిటికీ పగలగొట్టి చెయ్యి కోసుకున్నాడు.”

యర్మో టైల్సు పరవడం మొదలెట్టాడు. పని ముగించి, టైల్సు కింది సిమెంటుని రెండు వారాలు ఆరనిచ్చి అప్పుడు నేలకి వేడి పెట్టమని చెప్పి వెళ్లాడు. ఆ రెండు వారాలూ ఇర్యా నడవలోనే కుర్చీ వేసుకుని కాపలా కాసింది.

వేడి పెట్టిన రోజు మధ్యాహ్నం, కాఫీ తాగి వంటింట్లో కూర్చున్నదల్లా కునుకు తీసింది. లేచేసరికి మూడు దాటింది; ఆ ఉత్తరపు మంచుదేశంలో చలికాలం అప్పటికే చీకటి పడిపోతుంది. తౌనో మంచం ఖాళీ. ఈపాటికి ఒడ్డు చేరి ఉంటాడనుకుని, వంటింటి పెరటి తలుపులోంచే ఉత్త మేజోళ్లతో సరస్సు వైపు పరుగెత్తింది. కొత్తగా కురిసిన మంచు మీద ఒక్క అడుగూ లేదు. రోడ్డు వైపు వెళ్లాడేమోనని ఇంటి ముందుకొచ్చింది. అక్కడా లేదు. వీధితలుపు లాగింది.

తౌనో టైల్సు మీద బోర్లా పడి ఉన్నాడు. ఒంటిమీద కోటు, నెత్తిన టోపీ, ఒక కాలికే బూటు. పోయాడనుకుని పక్కనే కూలబడి మెడ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. సన్నగా గురక వినిపిస్తోంది.

“లే ముసలోడా, చంపేశావు నన్ను,” అంది ఏడుస్తూ.

“తలుపు వెయ్యి, చలి కొడతాంది,” అన్నాడతను కళ్లు తెరవకుండానే. “బయల్దేరాను గానీ, ఇక్కడ హాయిగా ఉంది. ఇంటికి రేపెళ్తాలే.”

ఇర్యా తలుపు వేసి, తడిసిన మేజోళ్లు ఊడదీసి అతని పక్కనే పడుకుంది. కింద నేల వెచ్చగా ఉన్నా వణుకు తగ్గలేదు. రేపంటే ఆమెకి ఇంకా భయంగానే ఉంది.